వాననీటి రుసుము వేయండి, కానీ కొలిచి వేయండి

సంపాదకుడికి,

వాననీటి కాలువల ఖర్చును ఆస్తిదారుల నుంచి రుసుముగా వసూలు చేయాలన్న మాట ఎక్కడ ఎత్తినా వాదన రెండు కేకల మధ్యే నలుగుతుంది. "ఆకాశం నుంచి పడేదానికి కూడా పన్నేనా?" అని ఒక పక్క, "వీధులు మునుగుతుంటే డబ్బు ఎక్కణ్నుంచి తెమ్మంటారు?" అని మరో పక్క. కాలువల పని తెలిసినవాళ్లుగా మాకు ఈ రెంటికన్నా ముఖ్యంగా తోచే ప్రశ్నలు వేరే ఉన్నాయి. రుసుమును దేన్నిబట్టి లెక్కగడతారు? వచ్చిన సొమ్ము ముందుగా ఏ పనికి పోతుంది? వీటికి సరైన జవాబు ఉంటే రుసుము వేయాల్సిందే, కట్టాల్సిందే. లేదంటే అది పేరు మార్చుకున్న ఆస్తిపన్ను.

ముందు నీటి లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్లు. స్లాబు తడవడానికి, అక్కడక్కడా నిలవడానికి కాస్త పోయినా 2,375 లీటర్ల దాకా గొట్టంలోంచి వీధిలోకి దిగుతాయి. అదే జాగా గడ్డితో, వదులు మట్టితో ఉంటే అయిదో వంతు, అంటే 500 లీటర్లు బయటికి వస్తాయేమో. కాలువ కొలతలు మాత్రం మొత్తం నీటిని చూసి పెట్టరు, సెకనుకు ఎంత వస్తుందో చూసి పెడతారు. గంటకు 50 మిల్లీమీటర్ల జోరున కురిసే వానకు, కాంక్రీటు పరిచిన ఒక హెక్టారు నుంచి సెకనుకు సుమారు 125 లీటర్లు వస్తాయి. గడ్డి ఉన్న హెక్టారు నుంచి 28. అంటే ఒక స్థలం చదును చేసి కాంక్రీటు పోసిన రోజున దాని ముందున్న కాలువ మీద భారం నాలుగు రెట్లు దాటింది. కాలువ మాత్రం పాతదే.

కాబట్టి కాలువకు ఖర్చు తెచ్చిపెట్టేది నీరింకని నేల. పైకప్పు, సిమెంటు ఆవరణ, తారు వేసిన పార్కింగు, లారీలు తిరిగి బిగుసుకుపోయిన కంకర యార్డు. రుసుము ఈ చదరపు మీటర్లను పట్టుకుని నడవాలి. మిగతా కొలమానాలన్నీ ఎక్కడో ఒకచోట అడ్డం తిరుగుతాయి. ఇంటికింత అని ఒకే మొత్తం వేస్తే చిన్న ఇల్లూ, పెద్ద గోదామూ సమానమవుతాయి. ఆస్తి విలువను బట్టి వేస్తే మంచి కూడలిలో ఉన్న చిన్న కొట్టు ఎక్కువ కడుతుంది, ఊరి చివర నాలుగు హెక్టార్ల రేకుల షెడ్డు తక్కువ కడుతుంది. పారే నీరు చూస్తే తలకిందులు. మంచినీటి వాడకాన్ని బట్టి వేయడం అన్నిటికన్నా వింతైనది. ఖాళీ పార్కింగు స్థలానికి కుళాయే ఉండదు, దానికి బిల్లే రాదు. పదిమంది ఉన్న ఇరుకింటివాళ్లు మాత్రం ఆ స్థలం వదిలే వరదకు కూడా కట్టుకుంటూ పోతారు.

ఇది ఊహ కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వాననీటి ఛార్జీ ఒకప్పుడు నీటి మీటరు సైజును బట్టి ఉండేది. 2010 జులై నుంచి ఇళ్లు కాని ఆస్తులన్నిటికీ దాన్ని స్థలం లెక్కకు మార్చారు. ఛార్జీలో 80 శాతం నీరింకని వైశాల్యానికి, 20 శాతం మొత్తం స్థలం వైశాల్యానికి. పెద్ద మీటరు, చిన్న ఆవరణ ఉన్నవాళ్లకు బిల్లు తగ్గింది. అప్పటిదాకా నీటి ఖాతాయే లేని పార్కింగు స్థలాలకు మొదటిసారి బిల్లు వెళ్లింది. మార్పు ఒక్క దెబ్బన మీద పడకుండా నాలుగేళ్ల మీద సర్దారు. జర్మనీలో చాలా పట్టణాలు వాననీటి ఖర్చును కూడా మంచినీటి వాడకంతో కలిపే వసూలు చేసేవి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రపు ఉన్నత పరిపాలనా న్యాయస్థానం 2010 మార్చిలో ఆ పద్ధతి చెల్లదంది. అప్పటి నుంచి ఆ రాష్ట్రంలో మురుగునీటికి ఘనపు మీటర్ల లెక్క, వాననీటికి చదరపు మీటర్ల లెక్క. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ నగరం 1974లోనే వాననీటికి విడి సంస్థ, విడి ఖాతా పెట్టుకుంది. ఈవేళ అమెరికాలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి.

కొలమానం తేలాక కొలవడం మొదలవుతుంది. తగాదాలు పుట్టేది ఇక్కడే. మామూలుగా ఊళ్లోని ఇళ్లను నమూనాగా తీసుకుని ఒక్కో ఇంటికి సగటున ఎంత నీరింకని నేల ఉందో తేలుస్తారు. దాన్ని ఒక యూనిట్ అంటారు. ఆ సగటు 150 చదరపు మీటర్లు అనుకుంటే, 12,000 చదరపు మీటర్ల కప్పు, పార్కింగు ఉన్న వాణిజ్య సముదాయానికి 80 యూనిట్లు. వాణిజ్య స్థలాలను విడివిడిగా కొలవక తప్పదు. ఇళ్లను ఒక్కొక్కటిగా కొలిస్తే కొలిచే ఖర్చు రుసుమును మింగేస్తుంది. అందుకని వాటిని తరగతులుగా విడదీయడం మేలు. కెనడాలోని మిస్సిసాగా నగరం ఇళ్లను పైకప్పు వైశాల్యాన్నిబట్టి అయిదు తరగతులు చేసింది. మూడుకన్నా తక్కువ తరగతులు పెడితే చిన్న ఇంటికి అన్యాయం, పది పెడితే ఒక తరగతి నుంచి ఇంకోదానికి మార్చమని అర్జీల వరద.

కొలత ఆకాశం నుంచి తీసిన చిత్రాల మీద జరుగుతుంది. ఆ చిత్రాలు చేసే మోసాలు కొన్ని ముందే తెలిసి ఉండాలి. చెట్టు గుబురు కింద ఉన్న సిమెంటు బాట చిత్రంలో పచ్చగా కనిపిస్తుంది, లెక్కలోకి రాదు. ఎత్తైన భవనం చిత్రంలో ఒక పక్కకు వాలినట్టు పడుతుంది. వంపు సరిచేయని చిత్రం మీద గీత గీస్తే దాని కప్పు పక్కింటి హద్దులోకి వెళ్లి కూర్చుంటుంది. స్థలాల హద్దుల పటం, చిత్రం ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోకపోయినా అంతే: రెండు మీటర్ల జరుగుడు చాలు, వీధి పొడవునా ప్రతి ఇంటివాడూ పక్కవాడి చూరుకు డబ్బు కడతాడు. పొద్దున్నో సాయంత్రమో తీసిన చిత్రంలో భవనం నీడను కూడా తారు నేలగా గుర్తించే సాఫ్ట్‌వేర్లున్నాయి. కాబట్టి యంత్రం గీసిన గీతల్లో నూటికి కనీసం అయిదింటిని మనిషి వెళ్లి టేపు పట్టి సరిచూడాలి. ఆ అయిదు తేలికైనవి ఏరుకోకూడదు. చెట్లున్న వీధి, ఇరుకు సందు, బహుళ అంతస్తుల సముదాయం వాటిలో ఉండి తీరాలి.

ఏది నీరింకని నేల అన్న నిర్వచనం బిల్లు రాకముందే రాసి పెట్టుకోవాలి. బండ్లు తిరిగే కంకర నేల ఇంకుతుందని యజమాని అంటాడు. తొక్కుడుకు బిగిసిన కంకర దాదాపు సిమెంటులాగే నీటిని వదిలేస్తుంది, దాన్ని లెక్కలో వేయాలి. పలకల మధ్య సందులున్న చెక్క వేదిక కింద మట్టి ఉంటే వేయకూడదు. ఈత కొలను తనలో పడిన వానను కొంతవరకు పట్టి ఉంచుతుంది గానీ దాని చుట్టూ పరిచిన రాయి పట్టి ఉంచదు. గడ్డి మీద స్తంభాలు పాతి నిలబెట్టిన సౌర ఫలకాల కింద నేల ఇంకుతూనే ఉంటుంది, ఫలకాల అంచు నుంచి కారే నీరు అక్కడ మట్టిని కోయకపోతే. ఇవి చిన్న సంగతుల్లా కనిపిస్తాయి. అప్పీళ్లలో ఎక్కువ భాగం వీటి మీదే వస్తాయి.

ఇంకో తిరకాసు, ఎవరెవరికి బిల్లు పంపాలన్న జాబితా. నీటి బిల్లుతో కలిపి పంపితే వసూలు బాగుంటుంది, కానీ నీటి కనెక్షను లేని స్థలాలు తప్పించుకుంటాయి. ఆస్తిపన్నుతో కలిపి పంపితే పన్ను మినహాయింపు ఉన్నవాటికి అసలు చిరునామాయే దొరకదు. ప్రభుత్వ కార్యాలయాలు, బడులు, ప్రార్థనా స్థలాలు, ఆసుపత్రులు, రైల్వే యార్డులు ఆ కోవలోవే. ఊళ్లో పెద్ద పెద్ద కప్పులు, విశాలమైన పార్కింగులు చాలామటుకు వాళ్లవే. రెండు జాబితాలనూ స్థలాల పటంతో కలిపి మూడోది, విడిగా తయారు చేయక తప్పదు. అపార్టుమెంట్లకు బిల్లు సంఘం పేరున ఒకటే వెళ్లాలి. ఆ మొత్తాన్ని ఫ్లాట్లకు పంచుకోవడం వాళ్ల పని. మునిసిపాలిటీ అందులో తలదూరిస్తే ప్రతి వాటా తగాదాకూ మధ్యవర్తి అవుతుంది.

మినహాయింపుల విషయంలో మేం కఠినంగానే ఉంటాం. పన్ను నుంచి మినహాయింపు ఉన్న సంస్థకు రుసుము నుంచి మినహాయింపు రావాలని లేదు. రుసుము అందించిన సేవకు. బడి కప్పు మీంచి పారే నీరు కూడా అదే కాలువలోకి పోతుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని ఇది పన్ను, మేం కట్టం అని ఏళ్ల తరబడి మొండికేస్తే, 2011 జనవరిలో స్వచ్ఛ జల చట్టాన్ని సవరించి న్యాయమైన వాననీటి ఛార్జీలు కేంద్ర సంస్థలూ కట్టాల్సిందేనని తేల్చారు. సేవాసంస్థలకు, బడులకు ఊరట ఇవ్వాలనుకుంటే నీటిని తమ ఆవరణలోనే ఆపినందుకు తగ్గింపు ఇవ్వండి, లేదా మూడు నాలుగేళ్ల మీద దశలవారీగా పెంచండి. పేద ఇళ్లకు రాయితీ ఇవ్వాల్సిందే. అయితే ఆ సొమ్ము మునిసిపాలిటీ సాధారణ నిధి నుంచి ఈ ఖాతాలో జమ కావాలి, పక్కింటివాడి బిల్లులోంచి కాదు.

మరి రోడ్ల సంగతి? ఊళ్లో అన్నిటికన్నా పెద్ద నీరింకని నేల యజమాని మునిసిపాలిటీయే. తన రోడ్లకు తానే బిల్లు వేసుకోవడం ఎక్కువ చోట్ల ఉండదు. ఎవరూ కట్టకపోతే ఆ వాటా చప్పుడు లేకుండా ఇళ్ల మీద పడుతుంది. రోడ్ల మీంచి వచ్చే నీటి వాటా ఎంతో లెక్కగట్టి దాన్ని సాధారణ నిధి నుంచి చెల్లించాలి. ఈ ఒక్క పద్దు బడ్జెట్టులో కనిపించని చోట రుసుమును వ్యతిరేకించేవాళ్లను మేం తప్పుపట్టం.

ధర కట్టడంలో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. కావలసిన ఖర్చును మొత్తం యూనిట్లతో భాగించి, అదే రేటు అనేస్తారు. ఊళ్లో లక్ష యూనిట్లున్నాయి అనుకోండి. మినహాయింపులకు 8 శాతం పోతే 92,000. బిల్లు వేసినవాళ్లలో 10 శాతం కట్టకపోతే 82,800. కట్టిన వాటి మీద తగ్గింపులకు 5 శాతం పోతే 78,660. లక్షతో భాగించి రేటు పెట్టినవాళ్ల ఖాతాలో మొదటి ఏడాదే అయిదో వంతుకు పైగా లోటు పడుతుంది. ఆ లోటు పడేది ఎప్పుడూ పూడికతీత మీదే. కొత్త కాలువ కాంట్రాక్టుకు సంతకం అయిపోయి ఉంటుంది, అప్పు వాయిదా ఆపలేరు, జీతాలు ఆపలేరు, పూడికను మాత్రం వచ్చే ఏడాదికి నెట్టొచ్చు.

పూడిక గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే వసూలైన ప్రతి రూపాయీ ముందు చేరాల్సింది అక్కడికి. మీటరు వెడల్పు, మీటరు లోతు ఉన్న కాంక్రీటు కాలువ అడుగున 30 సెంటీమీటర్ల మట్టి చేరితే, మూడో వంతు కూడా పోలేదు కదా అనిపిస్తుంది. నిజానికి ఆ కాలువ నిండుగా పారేటప్పుడు మోయగల నీరు 36 శాతం పడిపోతుంది. వైశాల్యం 30 శాతం తగ్గితే, మిగిలిన నీరు గోడలకూ అడుగుకూ మునుపటికన్నా ఎక్కువగా రాసుకుంటూ పోవడం వల్ల వేగం కూడా తగ్గుతుంది. సిమెంటు బదులు గరుకు మట్టి అడుగు అయ్యింది కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువే. గుండ్రటి గొట్టంలో వ్యాసంలో పావు వంతు మట్టి నిలిస్తే నీరు పారే అడ్డుకోత వైశాల్యంలో అయిదో వంతు పోయినట్టు. కొత్త కాలువ తవ్వకుండానే, ఉన్నది శుభ్రం చేసి ఇంత సామర్థ్యం వెనక్కి తెచ్చుకోవచ్చు. శంకుస్థాపన రాయి వేయడానికి మాత్రం పూడికతీత పనికిరాదు.

పూడిక ఎక్కడ చేరుతుందో కూడా తెలిసిందే. నీటి వేగం సెకనుకు 0.6 మీటర్లకన్నా తగ్గినచోట ఇసుక దిగిపోతుంది: వాలు సరిగా లేని ముక్క, మలుపు లోపలి పక్క, కల్వర్టు ముందు, మధ్యలో మంచినీటి గొట్టమో కేబులో అడ్డంగా దూర్చిన చోటు. ఆ చివరి రకం వానలో ప్లాస్టిక్ సంచులను, కొమ్మలను పట్టి ఆనకట్ట కట్టేస్తుంది. రోడ్డు పక్క జాలీ కింద ఉండే తొట్టె సగం నిండితే తీసేయాలి. సగం దాటాక కొత్తగా వచ్చిన నీరు పాత మట్టిని కలిపి గొట్టంలోకి తోస్తుంది. తొట్టెలోంచి మట్టి తీయడం ఇద్దరు మనుషులు, ఒక వాక్యూమ్ బండి పని. గొట్టంలోంచి తీయడం జెట్టింగ్ యంత్రం (జోరుగా నీళ్లు చిమ్మి మట్టిని కదిలించేది), కెమెరా, ట్రాఫిక్ మళ్లింపు అన్నీ కలిసిన పని. ఏ యంత్రం లేదన్న సాకుతోనూ మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదు. ఆ యంత్రాల అద్దె రుసుము లెక్కలో ముందే ఉండాలి.

తీసిన పూడికను కాలువ గట్టునే కుప్ప పోయడం పాత రోగం. మొదటి వానకే సగం మళ్లీ లోపలికి జారుతుంది. పని పూర్తయిందని బిల్లు అప్పటికే పాసై ఉంటుంది. కాంట్రాక్టరుకు టన్నుల లెక్కన చెల్లిస్తే తడి మట్టి తూస్తారు, నీళ్లకూ డబ్బులు పడతాయి. దానికి బదులు ప్రతి 25 మీటర్లకు పని ముందు ఒకసారి, పని తర్వాత ఒకసారి అడుగు లోతు కొలిచి, ఆ రెండింటి తేడా మీద చెల్లించాలి. కర్ర గజం పెట్టి ఫొటో తీస్తే చాలు, దానికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు. కుప్ప డంపింగు స్థలానికి చేరిన రసీదు వచ్చేదాకా చివరి వాయిదా ఆపాలి.

ఇక తగ్గింపులు. నీటిని తన ఆవరణలోనే పట్టి ఇంకించుకునే యజమానికి బిల్లు తగ్గించడం ఈ పద్ధతికి ప్రాణం. ఆస్తి విలువను ఎవరూ తగ్గించుకోలేరు, వీధిలోకి వదిలే నీటిని తగ్గించుకోగలరు. అయితే ఎంత నీటికి ఎంత తగ్గింపు అన్నది ఘనపు మీటర్లలో ఉండాలి. "ఇంకుడు గుంత ఉంటే 20 శాతం" అని రాస్తే పేరుకు ఒక గుంత తవ్వుతారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంతలో కంకర నింపితే రాళ్ల సందుల్లో పట్టేది సుమారు 40 శాతం, అంటే 600 లీటర్లు. పైన చెప్పిన 100 చదరపు మీటర్ల డాబా 25 మిల్లీమీటర్ల వానకు వదిలేది 2,375. అలాంటివి నాలుగు కావాలి. ఇక గొట్టం కింద పెట్టే 200 లీటర్ల డ్రమ్ము రెండు మిల్లీమీటర్ల వానకే నిండిపోతుంది. మొక్కలకు నీళ్లు పోసుకోవడానికి బాగానే ఉంటుంది, వరదకు దాని పేరున తగ్గింపు అడగడం హాస్యం.

గుంత ఎంత పడుతుందన్నదొకటైతే, ఎంత వేగంగా ఇంకుతుందన్నది మరొకటి. చెప్పులోతు గొయ్యి తీసి నీళ్లు పోసి "చూడండి, పది నిమిషాల్లో ఇంకింది" అనే పరీక్షను ఒప్పుకోకూడదు. ఎండిన నేల మొదటి నీటిని ఎగబడి తాగుతుంది, వానాకాలం మధ్యలో తాగదు. గుంత అడుగు వచ్చే లోతుదాకా గొయ్యి తీసి, ముందు రోజు నిండా నీళ్లు పోసి నాననిచ్చి, మర్నాడు మళ్లీ నింపి గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకోవాలి. నిండిన గుంత 48 గంటల్లో ఖాళీ కావాలి. కాకపోతే తర్వాతి వానకు చోటుండదు, దోమలకు చోటు దొరుకుతుంది. జిగురు రేగడి నేలల్లో గంటకు కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది. అక్కడ లోతుకన్నా వైశాల్యం పెంచాలి, లేదా ఇంకించడం మానేసి తొట్టెలో ఆపి సన్నటి గొట్టంతో మెల్లగా కాలువలోకి వదలాలి. అది కూడా తగ్గింపుకు అర్హమే, ఎందుకంటే కాలువను ముంచేది వాన జోరు మీదున్న ఆ అరగంటే.

గుంతలు పాడయ్యే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంటి పని ఇంకా నడుస్తుండగానే గుంత తవ్వి కంకర పోస్తారు, ఇసుకా సిమెంటూ కొట్టుకొచ్చి సందులు మూసుకుపోతాయి. గృహప్రవేశం నాటికే అది చచ్చిన గుంత. కాబట్టి ఆవరణ పనులన్నీ అయ్యాక, ఆఖరున తవ్వాలి. కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, గొట్టం గుంతలోకి వచ్చే ముందు ఆకులు, మట్టి ఆగే చిన్న తొట్టె పెట్టాలి. నీరింకే పేవర్ బ్లాకుల సందుల్లోనూ సన్న మట్టి చేరుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాక్యూమ్‌తో పీల్చి సందుల్లో చిన్న కంకర మళ్లీ నింపకపోతే అవి మామూలు బ్లాకులే. అందుకే తగ్గింపు శాశ్వతం కాకూడదు. ఏటా యజమాని ఫొటోలు పంపాలి, మూడేళ్లకోసారి మునిసిపాలిటీ మనిషి వచ్చి నీళ్లు పోసి చూడాలి, పని చేయకపోతే తగ్గింపు ఆగాలి. తగ్గింపుకు గరిష్ఠ హద్దు కూడా అవసరం, సగం అన్నది సబబు. మీ ఆవరణ మొదటి 25 మిల్లీమీటర్లు పట్టినా 80 మిల్లీమీటర్ల వాన వచ్చిన రోజున మిగతాది వీధి కాలువలోకే వస్తుంది, మీ ఇంటి ముందు రోడ్డు మీది నీరు ఎలాగూ అందులోకే.

ఈ రుసుములు కోర్టుల్లో, ఎన్నికల్లో ఓడిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని చూసి రుసుము వద్దనడం కాదు, ఎక్కడ తప్పారో చూడాలి. మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ నగరం వేసిన వాననీటి ఛార్జీ రుసుము కాదు, పన్ను అని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1998లో తీర్పిచ్చింది. పన్ను కాబట్టి ఓటర్ల సమ్మతి ఉండాలంది. వాననీటి గొట్టాలు, మురుగు గొట్టాలు అప్పటికే విడిగా ఉన్న ప్రాంతాలవాళ్లు కూడా మిగతా ప్రాంతాల గొట్టాలు విడదీయడానికి అందరితో సమానంగా కట్టాల్సి వచ్చింది. ఛార్జీకీ అందే సేవకూ పొంతన లేదు, వద్దనుకునే దారీ లేదు. ఆస్తిపన్ను నిధితో జరగాల్సిన పెద్ద నిర్మాణాన్ని రుసుము పేరుతో నడపబోతే ఇలాగే అవుతుంది. మేరీల్యాండ్‌ది ఇంకో కథ. 2012లో ఆ రాష్ట్రం పెద్ద కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) తొమ్మిది, బాల్టిమోర్ నగరం కలిపి పదింటికి వాననీటి రుసుము తప్పనిసరి చేసింది. ఉద్దేశం చెసపీక్ అఖాతంలోకి పోయే కాలుష్యాన్ని తగ్గించడం. వీధిలో నీళ్లు నిలవని ఇంటాయనకు అఖాతం ఎక్కడో దూరాన ఉంది. "వాన పన్ను" అన్న పేరు అంటుకుంది, ఫ్రెడరిక్ కౌంటీ నిరసనగా ఆస్తికి ఏడాదికి ఒక్క సెంటు (డాలరులో నూరో వంతు) చొప్పున వేసింది, 2015లో ఆ తప్పనిసరి నిబంధననే ఎత్తేశారు. ఏ పనికి వసూలు చేస్తున్నారో ఆ పని కట్టేవాడి కళ్లకు కనిపించాలి. కాలువ విషయంలో ఇది తేలిక: మీ వార్డులో ఫలానా ముక్క ఫలానా తేదీన శుభ్రమైంది, ఇంత మట్టి తీశాం, ముందు లోతు ఇది, తర్వాత లోతు ఇది. బిల్లు వెనకవైపే అచ్చు వేయొచ్చు.

రుసుము అన్ని వరదలనూ ఆపదు, ఆ మాట కూడా ముందే చెప్పాలి. వీధి కాలువలను సాధారణంగా రెండేళ్లకో అయిదేళ్లకో ఒకసారి వచ్చేంత వానకు కడతారు. అయిదేళ్ల వాన అంటే ఏటా 20 శాతం అవకాశం. పదేళ్లలో అది కనీసం ఒక్కసారైనా దాటే అవకాశం 89 శాతం. ఆ రోజున కాలువ పొంగుతుంది, పొంగిన నీరు పోవడానికి రోడ్డు వాలు, వాగు దారి తెరిచి ఉండాలి. చెరువు శిఖాన్నీ (నీరు నిలిచే నేలనూ) వాగు దారినీ కట్టడాలు కమ్మేసి ఉంటే ఎంత రుసుము వసూలు చేసినా నీటికి చోటు పుట్టదు. అది అనుమతులిచ్చే విభాగం తేల్చాల్సిన పని, దాన్ని ఈ ఖాతాకు అంటగట్టకూడదు.

అమలు చేసేవాళ్లకు చివరిగా ఒక సూచన. అసలు బిల్లుకు ముందు కనీసం ఆరు నెలలు నమూనా బిల్లు పంపండి. "ఇది కట్టనక్కర్లేదు" అని పైన పెద్ద అక్షరాలతో రాసి, కింద స్థలం చిత్రం మీద నీరింకని నేలను రంగు గీతతో చూపించి, చదరపు మీటర్లు, యూనిట్లు, రాబోయే మొత్తం ముద్రించండి. వెనక అప్పీలు ఫారం ఉండాలి: ఏ గీత తప్పో గుర్తుపెట్టే చోటు, టేపు కొలత, రెండు ఫొటోలు, అంతే. తేడా 5 శాతం దాటితే 30 రోజుల్లో సరిచేసి కొత్త చిత్రం పంపాలి. ఒకే వీధి నుంచి పది అప్పీళ్లు ఒకే దిక్కు జరుగుడు గురించి వస్తే పదింటినీ విడివిడిగా సరిచేయకుండా ఆ వీధి హద్దుల పటాన్నే మళ్లీ కూర్చోబెట్టాలి. అప్పీళ్ల సంఖ్య తగ్గుముఖం పట్టాకే కట్టాల్సిన బిల్లు తేదీ ప్రకటించండి.

ఇట్లు,
వాననీటి కాలువల పని చూసే కొందరు ఇంజినీర్లు